రెండు తెల్ల పుల్లలు

ఆ శనివారం తెల్లవారేసరికి ఆకాశం లోయలోకి దిగి పడుకుని ఉంది. వాకిట్లో నిలబడితే పెరటి కంచె కనబడలేదు. నది ఎటుందో చప్పుడును బట్టి తెలుసుకోవాలి. అక్టోబరు మొదటి వారంలో మాకిది మామూలే. కలప లారీలు తిరిగిన పాత రోడ్డు పట్టుకుని కొండ ఎక్కితే మూడో మలుపు దగ్గర పొగమంచు పలచబడుతుంది, నాలుగో మలుపు దగ్గర చిరుగులు పడుతుంది, ఐదో మలుపు దాటితే పైన నీలం, కింద తెలుపు, అంతే. ఆ చిరుగులు పడే చోట ఒక అరగంట సేపు ఎండ దేవదారు మానుల మధ్య వాసాల్లా ఏటవాలుగా నిలబడుతుంది. ఆ అరగంట కోసం నేను ఏడాదంతా కాచుకుంటాను.

నేను కలప మిల్లులో రంపాలకు పదును పెడతాను. శని, ఆదివారాలు కొండ సైకిళ్ళ వాళ్ళ ఫొటోలు తీస్తాను. రెండూ ఒకలాంటి పనులే. చాలాసేపు చూడాలి, కొంచెమే ముట్టుకోవాలి. ఇరవయ్యేడేళ్ళుగా తీస్తున్నాను. ఆ ఫొటోల్లో ఎదుటి కొండ శిఖరం ఎన్నడూ పడనివ్వలేదు, దారి పేరు ఎన్నడూ రాయలేదు. శిఖరం కనిపిస్తే చాలు, పట్నం వాళ్ళు మ్యాపు పెట్టుకుని వెతుక్కుంటూ వచ్చేస్తారు. వచ్చి సైకిలు తొక్కేవాళ్ళు చాలామంది. ఆ దారులు తవ్వి కట్టేవాళ్ళు పదకొండు మంది.

ఆ పదకొండు మందికీ పెద్ద లూషక్క. లూషా చెర్నాఫ్. అరవై మూడేళ్ళు. ముప్పై ఏళ్ళపాటు అడవిలో మొక్కలు నాటే ముఠాకు మేస్త్రీగా చేసింది. నన్ను లోయంతా నిక్ అంటుంది, ఆమె ఒక్కతే మా అమ్మ పిలిచినట్టు కోల్యా అంటుంది. ఆమె పెరట్లో పనిముట్ల కొట్టు ఉంది. దాని గోడకి పదకొండు పారలు, ప్రతి పార కామ మీదా ఎర్రగా కాల్చిన ఇనుప ముక్కతో వేసిన పేరు. కొత్తవాళ్ళెవరైనా పది ఆదివారాలు వచ్చి మట్టి మొయ్యాలి. పదో ఆదివారం లూషక్క వాళ్ళ పేరు కాల్చిన కామ చేతికిస్తుంది. అప్పటిదాకా మూల నిలబెట్టిన పేరు లేని పారతో తవ్వుకోవాలి. దాని కామ నిండా లేచిన చెక్క ముళ్ళే.

ఆ ఏడు పేరు లేని పార మార్లా వీబ్ చేతిలో ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల. ఏప్రిల్లో మా లోయకు ఉత్తరాలు పంచే పని మీద వచ్చింది. గోధుమ చేల వైపు మనిషి, పుట్టి బుద్ధెరిగాక కొండ చూడలేదు. మా చెల్లెలి మొగుడు, మా బావ టెడ్ మొరిషితా ఆమెను ఊరికే ఉండనిచ్చేవాడు కాదు.

"మీ ఊళ్ళో ఎత్తు అంటే ఏంటమ్మా? గోధుమ బస్తా మీద నిలబడటమా?" అన్నాడొకసారి.

"పండగలప్పుడు బస్తా మీద ఇంకో బస్తా వేస్తాం బాబాయ్" అంది ఆ పిల్ల బకెట్ దించకుండానే.

తొమ్మిది ఆదివారాలు వచ్చింది. రెండు వానల్లో, ఒకటి జ్వరంతో. పదోది రేపు. లూషక్క ఆగస్టులోనే ఆమె పేరు కామ మీద కాల్చేసిందని మా అందరికీ తెలుసు. మార్లాకి కూడా తెలుసు, తెలియనట్టు ఉండేది.

ఆ వేసవి అంతా మేం చేసింది వాగు దగ్గరి గట్టు. కొండ మీంచి దిగే దారి ఒకచోట వాగు అడ్డొచ్చి ఆగిపోతుంది. పదిహేనడుగుల వెడల్పు, మనిషి లోతు. లూషక్క దానికి అటూ ఇటూ రెండు గట్లు కట్టించింది. పై గట్టు మీంచి సైకిలు గాల్లోకి లేస్తుంది, కింది గట్టు మీద దిగుతుంది. చక్రం ఎక్కడ ఆనాలో ఆమె జూన్‌లోనే లెక్క వేసి, ఆ చోట పక్కగా ఎర్ర గుడ్డ కట్టిన మేకు ఒకటి దిగ్గొట్టింది. ఆ మేకు చూసే నాలుగు నెలలు మట్టి పోశాం.

కొత్త గట్టు మీద ముందు ఎవరు ఎగరాలో కట్టినవాళ్ళు చెబుతారు. ఎగిరేటప్పుడు కట్టినవాళ్ళు దిగే గట్టు పక్కన నిలబడి చూస్తారు. తవ్వినందుకు దక్కేది అదొక్కటే. లూషక్క ఆ మొదటి ఎగురుడు మా బావకి ఇచ్చింది. ఆయనకి యాభై తొమ్మిది, చలికాలంలో మోకాలు మార్పించుకున్నాడు. మళ్ళీ సైకిలెక్కినందుకు అది గౌరవం. ఆదివారం పొద్దున అని ముహూర్తం. ఆ వారంలో బావ నన్ను మూడుసార్లు అడిగాడు, ఆదివారం వాన పడేట్టుందా అని. లేదన్నాను మూడుసార్లూ.

అప్పటిదాకా పై గట్టు అంచున రెండు పుల్లలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసి ఉంటాయి. అలా ఉంటే దారి మూసి ఉన్నట్టు. దానికి తాళం, బోర్డు ఏమీ అక్కర్లేదు. మా కొండల్లో ఏ సైకిలు వాడైనా ఆ పుల్లలు చూస్తే ఆగుతాడు. వాటిని తీసేవాడితో తర్వాత ఎవరూ మాట్లాడరు.

శనివారం నేను కింద వాగు రోడ్డు మీద బండి ఆపి, వాగు వెంట నడుచుకుంటూ ఎక్కాను. మనుషులు తొక్కక ముందు ఖాళీ దారి ఒక్కటి తీసి పెట్టుకుందామని. నాలుగో మలుపు ఎత్తులోనే ఉంటుంది ఆ చోటు. వెళ్ళేసరికి పొగమంచు అప్పుడే చిరుగుతోంది. పై గట్టు వెనక నుంచి ఎండ వాసాలు దిగుతున్నాయి. ఒక ఫొటో తీసి చూశాను. అంచున అడ్డంగా ఏవో తెల్లగా మెరుస్తూ కంట్లో పొడిచాయి. గట్టెక్కి ఫ్రేములో అడ్డొచ్చేవన్నీ తీశాను. ఎండిన ఫెర్న్ మట్ట ఒకటి, వేలాడుతున్న కొమ్మ ఒకటి, రెండు తెల్ల పుల్లలు. పుల్లలు దొర్లి వాగులో పడకుండా పక్కనున్న ఫెర్న్ మొక్కల మొదట్లో పెట్టి, వాటి మీద నా ఎర్ర సంచీ పెట్టాను. పని అయ్యాక అన్నీ ఎక్కడివక్కడ పెట్టెయ్యడం మాకు అలవాటు.

పుల్లల్ని చూశానంటే చూశాను. అవి ఏమిటో చూడలేదు. లూషక్క ఎప్పుడూ బెరడుతో ఉన్న పుల్లలే వేసేది. ఈసారి పొగమంచులో కూడా అందరికీ కనబడాలని బెరడు చెక్కి తెల్లగా చేసింది. అందుకే నా కంటికి అడ్డమయ్యాయి. లెన్సులోంచి చూస్తున్నప్పుడు నాకు వెలుతురు, చీకటి తప్ప ఇంకేమీ అర్థం కావు. చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది.

దిగువకు వచ్చి, వాగు పక్కన రాయి మీద కూర్చుని, ఖాళీ దారి తీస్తున్నాను. అప్పుడు పై నుంచి సైకిలు వెనక చక్రం చప్పుడు వినిపించింది, కీచురాయి అరుస్తున్నట్టు. కెమెరా దించే వ్యవధి కూడా లేదు. ఆ వెలుతురు వాసాల మధ్యలోంచి ఒక సైకిలు బయటికొచ్చింది. నొక్కాను. ఐదు బొమ్మలు పడ్డాయి. సైకిలు మెత్తగా దిగి, కింది మలుపులో ఆగింది. మార్లా. హెల్మెట్ తీసి నవ్వుతోంది. శ్వాస ఆవిరై మొహం చుట్టూ తిరుగుతోంది.

"తెరిచేశారా అన్నా?" అంది.

నేను కెమెరా వెనక తెర మీద నాలుగో బొమ్మ చూసుకుంటున్నాను. "ఊఁ" అన్నాను. లూషక్క ఈ పిల్లని ముందు రమ్మందేమో అనుకున్నాను. పుల్లలు లేవు, కెమెరాతో నేను ఉన్నాను, ఇక అయిపోయిందేమో అని ఆ పిల్ల అనుకుంది. ఇంకో మాట ఆమె అడగలేదు, ఇంకో మాట నేను చెప్పలేదు. ఆమె కిందికి దొర్లుకుంటూ వెళ్ళిపోయింది. నేను గట్టెక్కి సంచీ తీసుకుని, మళ్ళీ వాగు వెంటే దిగాను. తెర మీద బొమ్మ చూసుకుంటూనే దిగాను. పుల్లలు అక్కడే ఫెర్న్‌ల కింద ఉండిపోయాయి.

మధ్యాహ్నం లూషక్క ఫోన్ చేసింది. రేపటికి అంతా సరిగా ఉందో లేదో చూద్దామని ఎక్కితే, పుల్లలు లేవు, దిగే గట్టు మీద టైరు చార ఉంది. ఎవరిదా అని విచారిస్తే, అడిగీ అడగకముందే మార్లా తనే అని ఒప్పుకుంది, కానీ పుల్లలు లేవని చెబుతోంది. శుక్రవారం సాయంత్రం నా చేత్తో నేను వేశాను, లేకపోవడమేమిటి, అంది అక్క. నీ బండి కింద రోడ్డు మీద చూశాను, నువ్వు వెళ్ళేసరికి పుల్లలు ఉన్నాయా అని అడిగింది. చూడలేదన్నాను. ఇంకెవరైనా వచ్చారా అంది. లేదన్నాను. ఆ పిల్ల అలాంటిది కాదనుకున్నాను కోల్యా, అంది. కోపంలో చూడకుండా దంతెతో చార అంతా చెరిపేశానని, చక్రం ఎక్కడ ఆనిందో కూడా ఇప్పుడు తెలియదని చెప్పింది. పిల్లకి రేపు కామ ఇవ్వనని కూడా చెప్పింది. గొంతు పెద్దది చెయ్యలేదు. లూషక్క గొంతు పెద్దది చేస్తేనే మాకు ధైర్యంగా ఉంటుంది.

ఎవరు తీశారా అని నేనూ కాసేపు ఆలోచించాను. దుప్పి ఏదైనా తన్నిందేమో అనుకున్నాను.

ఐదు గంటలకు కంప్యూటరు ముందు కూర్చున్నాను. మొదటి బొమ్మలో పై గట్టు అంచున రెండు తెల్ల పుల్లలు అడ్డంగా ఉన్నాయి. రెండో బొమ్మలో లేవు. నా చేతుల్ని చూసుకున్నాను. తర్వాత పిల్ల ఎగిరిన ఐదింట్లో నాలుగో బొమ్మ తెరిచాను.

ఇరవయ్యేడేళ్ళలో నేను తీసిన బొమ్మల్లో అదే గొప్పది. అది చెప్పడానికి సిగ్గేమీ లేదు, ఎందుకంటే అందులో నా గొప్ప ఏమీ లేదు. నాలుగు వాసాల వెలుతురు, మధ్యలో పిల్ల, వెనక చక్రం నేలకి వేలెడు ఎత్తులో ఉంది. ఆ చక్రం పక్కనే, దాదాపు ఆనుకుని, ఎర్ర గుడ్డ కట్టిన మేకు. లూషక్క జూన్‌లో కొట్టిన మేకు. కుడి పక్క అది. ఎడమ పక్క అంచున, పై గట్టు మీద, నా ఎర్ర సంచీ. సంచీ కింద నుంచి బయటికి రెండు తెల్లటి కొసలు.

ఎడమ నుంచి రెండు వేళ్ళ వెడల్పు కోస్తే సంచీ పోతుంది, పుల్లలు పోతాయి. కోసి చూశాను. బొమ్మ ఇంకా బాగుపడింది, అబద్ధమెందుకు. ఎర్ర సంచీ కన్నుని పక్కకి లాగుతోంది, అది పోయేసరికి చూపంతా పిల్ల మీదకి వచ్చింది. ఏ పత్రిక వాడైనా అట్ట మీద వేసుకుంటాడు. అక్కకి చూపిస్తే మేకు చూసి సంతోషిస్తుంది. సంచీ సంగతి ఎవరికీ తెలియదు.

ఆ పిల్ల తొమ్మిది ఆదివారాలూ గుర్తొచ్చాయి. దిగే గట్టు అడుగున ఉన్న పెద్ద పలక రాయి ఆమె వాగులోంచి ఒక్కతే దొర్లించుకొచ్చింది. ముళ్ళ కామతో తవ్వి తవ్వి అరచేతులకి టేపు చుట్టుకుని ఉత్తరాలు పంచేది. మా ఉత్తరాల పెట్టెలో కరెంటు బిల్లు వేస్తూ ఆ టేపు చేత్తోనే చెయ్యి ఊపేది.

కోసింది వెనక్కి తిప్పేశాను. మొత్తం బొమ్మే అచ్చు వేశాను, పెద్ద కాగితం మీద.

ఆదివారం పొద్దున ఆకాశం బాగా కడిగినట్టు ఉంది, గడ్డి మీద తెల్లగా గడ్డకట్టిన మంచు. కొట్టు దగ్గర అందరూ ఎవరి పార వాళ్ళు తీసుకున్నారు. మార్లా వస్తుందని ఎవరూ అనుకోలేదు. వచ్చింది. బకెట్ తెచ్చుకుంది. మూలకి వెళ్ళి పేరు లేని పార తీసుకుంది. ఎవరూ పలకరించలేదు. బావ కూడా బస్తాల మాట ఎత్తలేదు. లూషక్క ఎప్పటిలాగే బోర్ష్ పులుసు గిన్నెని కంబళ్ళలో చుట్టి ఒంటిచక్రపు బండిలో పెట్టింది. దాన్ని బావ తోస్తున్నాడు, ముందు నడుస్తున్నవాళ్ళ మడమల మీదకి ఎక్కించేస్తూ. మామూలుగా అయితే పదిమంది తిట్టేవాళ్ళు.

పై గట్టు అంచున కొత్త పుల్లలు రెండు వేసి ఉన్నాయి. ఇవి కూడా తెల్లగా చెక్కినవే.

అక్క దిగే గట్టు దగ్గర దంతె పట్టుకుని నిలబడింది. నేను వెళ్ళి, చొక్కా లోపల పెట్టుకున్న కాగితం తీసి ఇచ్చాను.

"పని వేళ బొమ్మలేంట్రా" అంటూనే చేతి తొడుగు పళ్ళతో లాగి, అంచులు పట్టుకుంది. ఆమె పిల్లని చూడలేదు, వెలుతురు చూడలేదు. తిన్నగా చక్రం చూసింది. మేకు చూసింది. వంగి, నేల మీద ఉన్న మేకు వైపు ఒకసారి, కాగితం వైపు ఒకసారి చూసింది.

"రెండంగుళాలు" అంది మెల్లగా. "రెండంగుళాలే తేడా." జూన్ నుంచి ఆ మొహంలో కనబడని వెలుగు కనబడింది. మిగతా వాళ్ళు పారలు వదిలి చుట్టూ మూగారు.

ఇక్కడే ఆగితే సరిపోయేది. ఎవరూ ఇంకేమీ అడిగేట్టు లేరు.

"ఎడమ పక్క చూడక్కా" అన్నాను.

"ఏముంది? నీ సంచీ."

"సంచీ కింద."

ఆమె కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. ఎవరో ముక్కు చీదారు.

"పుల్లలు నేనే తీశానక్కా. ఫొటోకి అడ్డొచ్చాయని తీశాను, ఏంటో చూసుకోకుండా తీశాను. మళ్ళీ పెట్టలేదు. తెరిచారా అని పిల్ల అడిగింది. ఊఁ అన్నాను. దాని తప్పేం లేదు."

అంత మాట నేను ఆ కొండ మీద ఎప్పుడూ మాట్లాడలేదు. లూషక్క మార్లా వైపు తిరిగింది.

"వీడు ఊఁ అన్నాడని నిన్న నాకెందుకు చెప్పలేదే?"

మార్లా బకెట్ కింద పెట్టింది. "నిక్ అన్న దేనికైనా ఊఁ అంటాడక్కా. పోస్టు వచ్చిందన్నా ఊఁ, ఇల్లు కాలుతోందన్నా ఊఁ. దాన్ని పట్టుకుని సాక్ష్యం అని ఎలా చెప్పను?"

ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. అక్క మాత్రం నవ్వలేదు. నా వైపు తిరిగి, నాలుగు నెలలు చచ్చీ చెడీ కట్టుకున్నదాన్ని, మొదటి ఎగురుడు నా కళ్ళతో నేను చూసుకోకుండా చేశావు అంది. అది సరే, టెడ్‌కి మాటిచ్చాను, మోకాలు కోయించుకుని, చలికాలమంతా మళ్ళీ సైకిలెక్కే రోజు తలుచుకుంటూ మంచం మీద పడుకున్న మనిషి, వాడికేం సమాధానం చెబుతావు అని అడిగింది.

నేను బావ వైపు చూశాను. బావ బండి పక్కన నిలబడి తన బూట్లు చూసుకుంటున్నాడు.

"లూషక్కా" అన్నాడు. "ఒక మాట చెబితే కొట్టవుగా?"

"కొడతానో లేదో విన్నాక చెబుతా."

"నాకు భయం. ఈ గట్టంటే. మొదట్నుంచీ భయమే." ఒక్కసారి మొదలయ్యాక ఆగలేదు. "వారం నుంచి తిండి సయించలేదు. వాన పడాలని మొక్కుకున్నాను. నిన్న పిల్ల ఎగిరేసిందని ఫోనొచ్చింది చూడు, మా ఇంట్లో పండగే. మీ చెల్లి హకిల్‌బెర్రీ పళ్ళతో తీపి రొట్టె చేసింది. సగం నేనే తిన్నాను."

ఆ చివరి మాట నాకు. నా చెల్లెలు ఆ తీపి రొట్టె ముక్క నా ఇంటికి కూడా పంపింది నిన్న సాయంత్రం, ఎందుకో చెప్పకుండా. కంప్యూటరు ముందు కూర్చుని తిన్నాను.

"మరి చెప్పొచ్చుగా" అంది అక్క.

"ఎలా చెప్పను? నువ్వు అంత గౌరవంగా ఇచ్చావు. వద్దంటే నువ్వేమనుకుంటావోనని. ఆ పక్క నుంచి చిన్న దారి ఉంటే, వాగు దాటి నెమ్మదిగా పోయేది, నాకు అదే బంగారం."

లూషక్క ఒక నిమిషం పాటు అందరినీ వంతులవారీగా చూసింది. ఆమె మొక్కల ముఠాలో పనిచేసినవాళ్ళు ఆ చూపు గురించి చెబుతారు. తర్వాత భుజాలు ఒక్కసారి కదిలాయి. ఏడుస్తోందేమో అని భయపడ్డాను. నవ్వుతోంది. శబ్దం లేకుండా, దంతె పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. అప్పటిదాకా దగ్గుతున్నవాళ్ళు కూడా దగ్గు మాని నవ్వేశారు.

నవ్వు అయ్యాక బండి దగ్గరికి వెళ్ళి, కంబళ్ళ కిందకి చెయ్యి పెట్టింది. గిన్నె పక్క నుంచి ఒక కామ బయటికి తీసింది. కొత్త కామ, నున్నగా, నూనె పట్టించి, దాని మీద నల్లగా కాల్చిన పేరు: మార్లా. దాంతో పాటే ఒక గరుకు కాగితం చుట్ట వచ్చింది.

"ఇదెందుకక్కా?" అన్నాడు బావ.

"ఇక్కడికొచ్చాక మనసు గట్టిపడితే పేరు చెరిపేద్దామని తెచ్చుకున్నా" అంది దాచకుండా. కామ మార్లా చేతికిచ్చింది. క్షమించమని అనలేదు. ఆ పిల్ల అరచేతి టేపు మీద తన చెయ్యి వేసి, ఒకసారి నొక్కి, వదిలేసింది. మార్లా పేరు మీద బొటనవేలితో తడిమి తడిమి చూసుకుంది. గోధుమ బస్తా మాట ఎత్తడానికి బావకి అదే సమయం, అయినా ఎత్తలేదు.

ఇక నా వంతు. లూషక్క నా చేతిలోంచి నా పార తీసుకుంది, ఇరవయ్యేడేళ్ళ నాటిది, పేరు సగం అరిగిపోయింది. పది ఆదివారాలు ఇది మేకుకి వేలాడుతుంది, అంది. టెడ్‌కి పక్కదారి ఎక్కడి నుంచి ఎక్కడికో నేను గీత గీసిస్తాను, నువ్వు తవ్వుతావు, మంచు పడేలోపు నాలుగు వారాలు, మిగతా ఆరూ వసంతంలో. పేరు లేని పార నా చేతిలో పెట్టింది, దాని మీద గరుకు కాగితం పెట్టింది. ముందు ఈ కామ ముళ్ళు నున్నగా చెయ్యి, ఇన్నేళ్ళలో ఎవడికీ తోచలేదు, అంది.

"ఊఁ" అన్నాను.

"నీ ఊఁ నాకక్కర్లేదు. నోరు తెరిచి చెప్పు."

"అలాగేనక్కా."

బొమ్మ గురించి కూడా ఆమే తేల్చింది. అది ఎక్కడికీ పంపొద్దు, కొట్టులో గోడకి పెడదాం, సంచీతో సహా. నేను పంపే ఉద్దేశంతో అచ్చు వెయ్యలేదు.

పని మొదలెట్టకముందు ఒకటి మిగిలిందంది అక్క. మార్లాని సైకిలు తీసుకుని పైకి వెళ్ళమంది. తను వెళ్ళి మేకు పక్కన నిలబడింది, దంతె పక్కన పెట్టి, చేతులు కట్టుకుని. మిగతా వాళ్ళు వాగు గట్టున వరసగా నిలబడ్డారు. నన్ను పై గట్టు మీదకి పంపింది.

"పుల్లలు నువ్వే తియ్యి. ఈసారి చూసి తియ్యి."

తీశాను. రెండు చేతుల్లో రెండు పుల్లలు పట్టుకుని పక్కకి జరిగాను. పై నుంచి కీచురాయి చప్పుడు మొదలైంది. పొగమంచు లేదు, వెలుతురు వాసాలు లేవు, మామూలు ఎండ. పిల్ల నా మోచేతికి మూరెడు దూరంలోంచి గాల్లోకి లేచింది. కెమెరా సంచీలో ఉంది, చేతులు ఖాళీ లేవు. కెమెరా అడ్డం లేకుండా మనిషి ఎగరడం చూసి నాకు చాలా ఏళ్ళయింది. చూడటానికి చాలా పొడుగ్గా ఉంటుంది అది. చక్రం ఆనిన చోట చిన్నగా దుమ్ము లేచింది. లూషక్క వంగి, మేకుకీ చారకీ మధ్య వేళ్ళు పెట్టి కొలిచింది. రెండు వేళ్ళు ఎత్తి చూపించింది, తర్వాత ఒక వేలు ముడిచేసింది.

మధ్యాహ్నం దాకా తవ్వాం. నేను బావ పక్కదారికి మొదటి పది అడుగులు వేశాను. ఆయన వచ్చి మోకాలు వంచి చూసి, ఇంకొంచెం వెడల్పు ఉంటే బాగుంటుందేమో అన్నాడు. వెడల్పు చేశాను.

తర్వాత పడిపోయిన దేవదారు మాను మీద వరసగా కూర్చున్నాం. లూషక్క కంబళ్ళు విప్పి గిన్నె మూత తీసింది. క్యాబేజీ, బంగాళదుంప, మీగడ, పైన సోయకూర. ఆవిరి మొహాల మీదకి కొట్టింది. గిన్నెలు చేతులు మారాయి, రొట్టె చేతులు మారింది. బావ తన డబ్బా తెరిచి, సముద్రపు నాచు ఆకు చుట్టిన అన్నం ముద్దలు తలా ఒకటి పెట్టుకుంటూ వచ్చాడు. మార్లా కొత్త కామని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, దాని మీద గిన్నె ఆనించుకుని తింటోంది. లూషక్క బొమ్మని ఎదుటి మొద్దుకి ఆనించి పెట్టింది, ఎగిరిపోకుండా కింద రెండు తెల్ల పుల్లలు అడ్డం వేసింది. పై నుంచి పసుపు రంగు లార్చ్ చెట్ల ఆకులు సూదుల్లా రాలుతున్నాయి. ఒకటి నా బోర్ష్‌లో పడింది. తీసెయ్యబోయి, ఊరుకున్నాను. చెంచాల చప్పుడు, కింద వాగు చప్పుడు.